సీసం అంటిన గరిట

దామోదర్ అంత పిరికివాడు అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ మొత్తం గాలించినా ఇంకొకడు దొరకడు. దయ్యాలకి భయపడే రకం కాదు లెండి. మంచు మీద కారు జర్రున జారినా స్టీరింగ్ వదలడు. పనిచేసే చోట రెండొందల టన్నుల ప్రెస్సు పక్కన నిలబడి తాపీగా కాఫీ తాగుతాడు. అతని భయమల్లా ఒకటే, ఇంట్లోవాళ్ళకి ఉన్న మాట ఉన్నట్టు చెప్పడం. పెళ్ళాం శశికళ మొహం ముడుచుకుంటుందేమో, అత్తగారు నొచ్చుకుంటారేమో, ఎందుకొచ్చిన గొడవ, ఊరుకుంటే పోలా అనుకుంటాడు. ఊరుకుంటే పోయేవి కొన్ని ఉంటాయి, కాదనను. పోనివి కూడా ఉంటాయని ఎనభై రెండు అక్టోబరులో తెలిసొచ్చింది మహానుభావుడికి.

అసలు కథ జులైలో మొదలైంది. రెండు వీధుల అవతల ఎవరో పెద్దాయన పోతే, ఆయన సామానంతా వాకిట్లో పెట్టి గరాజ్ సేల్ చేశారు. ఒక చెక్కపెట్టె నిండా తుప్పు పట్టిన ఇనప సామాను ఉంది. అన్నిటికంటే పైన అచ్చం అడకత్తెరలాంటి వస్తువొకటి కనిపించింది. సెప్టెంబరులో అత్తగారు కోటమ్మగారు గుడివాడ నుంచి వస్తున్నారు. అన్నం తిని చెయ్యి కడుక్కోగానే ఆవిడకి నోట్లో వక్కపలుకు పడాలి. అడకత్తెర చూస్తే మురిసిపోతారని పెట్టెతో సహా మోసుకొచ్చాడు. మిషిగన్‌లో వక్కలు కత్తిరించే వాళ్ళెవరున్నారని ఒక్క క్షణమైనా ఆలోచించాడా? లేదు. ఎంతైనా ఇంజినీరు కదా.

పక్కింటి వెర్నన్ అది చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. ఆయన కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు చేసి రిటైరైన మనిషి, పాతకాలపు తుపాకులంటే పిచ్చి.

"ఇది వక్కలకీ ముక్కలకీ కాదు డామో. ఇది గుండ్ల అచ్చు, మోల్డ్. దీంతో తుపాకీ గుండ్లు పోస్తారు" అన్నాడు.

అడకత్తెర దవడల్లాంటి రెండు దిమ్మల్ని విప్పి చూపించాడు. ఒక్కో దిమ్మలో సగం గుండు ఆకారంలో గుంత ఉంది. రెండూ మూస్తే పూర్తి గుండు. పైన కరిగిన సీసం పొయ్యడానికి చిన్న కన్నం, ఎక్కువైన సీసాన్ని కోసెయ్యడానికి పక్కనే ఒక బిళ్ళ. వెర్నన్ కిరసనాయిల్లో పాత టూత్‌బ్రష్ ముంచి తుప్పంతా తోమాడు. చేతి పిడి లోపలివైపు గుండు కొలత, 44 అనే ముద్ర బయటపడింది.

"ఇది నూరేళ్ళ కిందటిది. అప్పట్లో తుపాకీ కొంటే దాంతోపాటే ఇచ్చేవాళ్ళు. కానీ ముద్ర చూసి నమ్మెయ్యకూడదు. మధ్యలో ఏ చేతివాటం గాడో గుంతని తొలిచి పెద్దది చేసి ఉంటాడు. ఒకటి పోసి, కొలిచి చూస్తేగాని దీని అసలు సంగతి తెలీదు."

కొలవడం అన్న మాట వినపడగానే దామోదర్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆగస్టులో రెండు శనివారాలు గరాజ్ తలుపు బార్లా తీసిపెట్టి ఇద్దరూ కూర్చున్నారు. క్యాంప్ స్టవ్ మీద ఇనప కుండలో పాత సీసం గొట్టాల ముక్కలు కరిగించారు. మోల్డ్ లోపలి గుంతలకి కొవ్వొత్తి మసి పట్టించారు. పెట్టెలోనే అడుగున ఒక ఇనప గరిట దొరికింది, గుండ్రటి చిన్న గిన్నె, పొడుగాటి కాడ, కాడ చివర కొక్కెం. దాంతో సీసం తీసి పోశారు. మోల్డ్ వేడెక్కేదాకా గుండ్లన్నీ ముడతలు ముడతలుగా వచ్చాయి. పదో పన్నెండో పోశాక గాని ఒకటి నున్నగా, మెరుస్తూ జారి తువ్వాలు మీద పడలేదు. దామోదర్ దాన్ని మైక్రోమీటర్‌లో పెట్టి ఊపిరి బిగబట్టి చూశాడు. ముద్రలో ఉన్న అంకెకీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. నూరేళ్ళ కిందట ఎవరో తనలాంటివాడే చేశాడు దీన్ని అనుకుని పొంగిపోయాడు.

వెర్నన్ జాగ్రత్తలు కూడా చెప్పాడు, పాపం ఆయన్ని అనడానికి లేదు. కరిగిన సీసంలో నీటిబొట్టు పడితే మొహం మీదికి పేలుతుంది. పని అయ్యాక చేతులు సబ్బుతో తోముకోవాలి, చొక్కా గరాజ్‌లోనే విప్పెయ్యాలి. "అన్నిటికంటే ముఖ్యం, ఈ పెట్టెలో ఏ వస్తువూ వంటింటి గడప దాటకూడదు. సీసం కొంచెం కొంచెంగా ఒంట్లో చేరుతుంది. ఇంట్లో చంటిది ఉంది నీకు. పసివాళ్ళకి మెదడు దెబ్బతింటుంది."

అన్నీ తు చ తప్పకుండా పాటించాడు దామోదర్. వేరే చొక్కా, వేరే సబ్బు. ఒక్క పని మాత్రం చెయ్యలేదు. ఇంట్లో చెప్పలేదు. "మీరిద్దరూ గరాజ్‌లో ఏం చేస్తున్నారండీ?" అని శశికళ అడిగితే, "ఏదో డై వర్క్‌లే, మా ప్రెస్సు పని" అన్నాడు. పసిపిల్ల ఉన్న ఇంట్లో తుపాకీ గుండ్లా అని చీపురు తిరగేస్తుందని భయం.

అక్టోబరులో ఒక శనివారం పొద్దున, వెర్నన్ పదింటికి వస్తానంటే దామోదర్ స్టవ్ సిద్ధం చేసుకుంటున్నాడు. పెట్టె తెరిచాడు. మోల్డ్ ఉంది. గరిట లేదు. బల్ల కింద వెతికాడు, బియ్యం బస్తాల వెనక వెతికాడు. ఎక్కడా లేదు.

అప్పుడు వంటింట్లోంచి చుయ్‌మని పోపు చప్పుడు వినిపించింది. ఇంగువ వాసన గరాజ్‌లోకి వచ్చింది.

దామోదర్ స్టవ్ వదిలేశాడు. రెండంగల్లో వంటింట్లోకి వెళ్ళాడు. కోటమ్మగారు పొయ్యి దగ్గర నిలబడి, పొడుగాటి కాడ పట్టుకుని, కాగిన గరిటని చారుగిన్నెలో ముంచుతున్నారు. గరిట తళతళలాడుతోంది. పక్కనే ఎత్తు కుర్చీలో మూడేళ్ళ కూతురు విద్య కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంది. దాని ముందు కంచంలో పప్పన్నం ఉంది.

"అత్తయ్యగారూ, ఆ గరిట..." అన్నాడు దామోదర్.

"అదా అల్లుడుగారూ!" కోటమ్మగారి మొహం విప్పారింది. "ఇన్ని సామాన్లున్న కొంపలో పోపు గరిట లేకపోవడం ఏవిటా అని వచ్చిన రోజునుంచీ అనుకుంటూనే ఉన్నాను. మూడో రోజున బియ్యం కోసం కారుషెడ్డులోకి వెళ్తే పెట్టెలో కనిపించింది. ఎవరు పారేశారో గాని బంగారంలాంటి ఇనప గరిట! చింతపండు పెట్టి రెండ్రోజులు తోమాను. లోపల ఏదో తెల్లగా అంటుకుని ఒక పట్టాన వదల్లేదు. అయినా పోపు ఎంత బాగా వేగుతోందనుకున్నారు? పిల్లకి రోజూ ఇందులోనే నెయ్యి కాచి, ఇందులోనే గుప్పెడు వేడన్నం కలిపి మొదటి ముద్ద పెడుతున్నాను. మా అమ్మ మాకు అలాగే పెట్టేది."

పై ప్రాణాలు పైనే పోయాయి దామోదర్‌కి. ఆవిడ వచ్చి ఆరు వారాలైంది. రోజుకి రెండు పూటలు. చింతపండు, నిమ్మకాయ, కాగే నెయ్యి, వీటికి ఇనపలోంచి సీసం ఊడిరాక ఏమవుతుంది?

వారం నుంచి విద్య అన్నం సరిగ్గా తినడం లేదు. ఊరికే ఏడుస్తోంది. దిష్టి తగిలిందని ఆవిడ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పోశారు కూడా. అవన్నీ ఇప్పుడు ఒక్కసారిగా వచ్చి గుండెల మీద కూర్చున్నాయి. మొన్న విద్య తన పేరులో అక్షరం మర్చిపోయింది. మూడేళ్ళ పిల్ల ఎవరైనా మర్చిపోతుంది. లేక మెదడుకే ఏదైనా అయిందా? అయ్యో, దేవుడా!

అప్పుడు చెప్పాల్సింది. అక్కడే, ఆ క్షణమే. నోరు తెరిచాడు కూడా. ఆవిడ మొహంలో ఆ సంబరం చూశాడు, నోరు మూసుకున్నాడు.

"ఇది నా పనికి కావాలండీ" అని గరిట లాక్కున్నాడు. చారు తీసుకెళ్ళి సింకులో పోసేశాడు. విద్య ముందున్న కంచం తీసేసి బ్రెడ్ పెట్టాడు. కోటమ్మగారు బిత్తరపోయి చూస్తూ నిలబడ్డారు. గరాజ్‌లోకి వెళ్ళి గరిటని పెద్ద చెత్తడబ్బాలో పారేశాడు. మిగిలిన పప్పూ ఆ డబ్బాలోకే పోయింది. వెర్నన్ వస్తే, ఇవాళ కుదరదని తలుపు దగ్గరే పంపించేశాడు.

తెలిసిన పిల్లల డాక్టర్ రేణుగారికి ఫోన్ చేశాడు. గరిట సంగతంతా చెప్పాడు.

"సోమవారం పొద్దున్నే హాస్పిటల్‌కి తీసుకురండి. బ్లడ్ టెస్ట్ చేయిద్దాం. రిజల్ట్ బుధవారం వస్తుంది. అప్పటిదాకా ఊహించుకుని లాభం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా టెస్ట్ చేయించుకోవాలి, మర్చిపోకండి" అన్నారు.

"ముందు పాపది కానివ్వండి, మా సంగతి తర్వాత చూసుకుందాం" అన్నాడు.

మధ్యాహ్నం శశికళని ఆవిడ పనిచేసే బ్యాంకు నుంచి తీసుకొస్తూ, దారిలో కారు పక్కకి ఆపి చెప్పాడు. మొత్తం చెప్పాడు, మోల్డ్ సంగతి, గుండ్ల సంగతి, గరిట సంగతి. శశికళ ముందు అరిచింది. తర్వాత కొట్టింది. తర్వాత డ్యాష్‌బోర్డు మీద తల పెట్టుకుని ఏడ్చింది.

"నా బిడ్డకేమైనా అయితే నిన్ను జన్మలో క్షమించను దామోదర్" అంది. పెళ్ళైన ఆరేళ్ళలో ఆవిడ అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి.

కాసేపటికి కళ్ళు తుడుచుకుంది. "అమ్మకి మాత్రం చెప్పొద్దు. అసలే బీపీ. తన చేత్తోనే మనవరాలికి విషం పెట్టానని తెలిస్తే గుండె ఆగిపోతుంది. రిజల్ట్ వచ్చాక చూద్దాం."

చెప్పొద్దు అన్న మాట దామోదర్‌కి చల్లగా తగిలింది. ఆ పని చెయ్యడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

ఆ నాలుగు రోజులూ ఇంట్లో గాలి కూడా భయపడుతూ వీచినట్టుంది. విద్య నిద్రలో కదిలితే ఉలిక్కిపడ్డాడు. నడుస్తూ తూలితే గుండె గతుక్కుమంది. "ఇది ఏ కలర్ అమ్మా?" అని పదిసార్లు అడిగాడు. అది విసుక్కుని, "డాడీ, ఐ టోల్డ్ యూ, బ్లూ!" అంది. ఆ విసుగు వినడానికే మళ్ళీ అడిగాడు. సోమవారం నర్సు సూది గుచ్చితే అది కెవ్వున ఏడ్చింది. దామోదర్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

కోటమ్మగారు ఏమీ అడగలేదు. అల్లుడికి కోపం వచ్చిందని ఆవిడకి అర్థమైంది. అడక్కుండా ఆయన సామాను ముట్టుకోబట్టే వచ్చిందని కూడా అనుకున్నారు. వంటింట్లో చప్పుడు చెయ్యకుండా తిరిగారు. పోపులు స్టీలు గిన్నెలో పెట్టారు. "కడుపులో ఒకటే మెలి పెడుతోందే శశీ, ఇక్కడి నీళ్ళు నాకు పడలేదు" అని సోమవారం సాయంత్రం కూతురితో అంటుంటే దామోదర్ విన్నాడు. ఆవిడ ఆ మాట వచ్చిన మూడో వారం నుంచీ అంటూనే ఉన్నారు. విని, విద్య కడుపు నొప్పంటుందేమోనని పిల్ల దగ్గరికి పరుగెత్తాడు.

బుధవారం పన్నెండున్నరకి ఆఫీస్‌కి ఫోన్ వచ్చింది. రిసీవర్ రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కొంచెం ఉంది, కానీ భయపడేంత లేదు" అన్నారు రేణుగారు. "మూడు నెలల్లో మళ్ళీ చూద్దాం. మీరు చెప్పిన లెక్కకి ఇంకా చాలా ఎక్కువ ఉంటుందనుకున్నాను. పాప అదృష్టవంతురాలు. మిగతావాళ్ళవి ఎప్పుడు?"

"చేయిస్తామండీ, చేయిస్తాం" అంటూ దామోదర్ అక్కడే కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. శశికళకి ఫోన్ చేశాడు, ఆవిడా ఏడ్చింది. బాస్‌కి చెప్పి ఇంటికి బయల్దేరాడు. దారిపొడుగునా తనలో తనే నవ్వుకున్నాడు. అత్తగారికి ఇప్పుడు అంతా నవ్వుతూ చెప్పేయొచ్చు. ఏమీ కాలేదు కదా, గండం గడిచింది కదా.

గరాజ్ వైపు తలుపు తీసుకుని వంటింట్లోకి అడుగుపెట్టాడు. విద్య ప్రీస్కూల్‌కి వెళ్ళింది, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కోటమ్మగారు పొయ్యి పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని భోంచేస్తున్నారు. ఒంటరిగా ఉంటే ఆవిడ బల్ల మీద తినరు. ఎడమచేతిలో పొడుగాటి కాడ ఉంది. కుడిచేత్తో ఆ గరిటలో వేడన్నం నేతిలో కలిపి ముద్ద చేస్తున్నారు.

దామోదర్ గబగబా ఆవిడ దగ్గరికి వచ్చాడు.

ఆవిడ దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు తడబడి లేవబోయారు. "అయ్యో, ఇంత పెందరాళే వచ్చారేం అల్లుడుగారూ! కూర చెక్కులు పారెయ్యడానికి వెళ్తే చెత్తలో కనిపించింది. మనసొప్పలేదు. మంచి ఇనుము కదా అని తీసి కడిగి దాచుకున్నాను. మీ వస్తువు మీకు చెప్పకుండా... మీ వంటకి ముట్టించలేదు, ఒట్టు. మీరంతా వెళ్ళాక నా వరకే."

అతను వంగి ఆవిడ చేతిలోంచి గరిట తీసుకున్నాడు. మెతుకులు నేల మీద పడ్డాయి. కింద కూర్చున్నాడు. ఈసారి చెప్పాడు. సీసం అంటే ఏమిటో, ఆ గరిటతో ఏం పోశారో, లోపల ఆవిడ తోమినా వదలని ఆ తెల్లటిది ఏమిటో, విద్యకి సూది ఎందుకు గుచ్చారో, అన్నీ చెప్పాడు. చెప్తున్నంతసేపూ ఆవిడ మొహం నెమ్మదిగా పాలిపోయింది.

"పిల్లకి?" అన్నారు ఆవిడ. "పిల్లకేమీ కాలేదు కదా?"

"కాలేదండీ. ఇప్పుడే తెలిసింది."

"ఏడుకొండలవాడా!" ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "అది తింటేగా బాబూ! మొదటి ముద్ద నోట్లో పెట్టగానే ఉమ్మేసేది. అన్నం నల్లగా ఉంది, యక్కీ అనేది. నెయ్యన్నం పారెయ్యబుద్ధి కాక రోజూ నేనే తినేసేదాన్ని. మీకు చెప్తే పిల్లకి సరిగ్గా పెట్టడం లేదనుకుంటారని చెప్పలేదు."

ఆవిడ సోమవారం అన్న మాటలు దామోదర్‌కి గుర్తొచ్చాయి. కడుపులో మెలి. ఇక్కడి నీళ్ళు పడలేదు. ఆరు వారాలుగా ఆ గరిటలో కలిపిన నేతి ముద్దలన్నీ ఒక్క మనిషి కడుపులోకే పోయాయి. ఆ మనిషి సంగతి ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారైనా అతనికి తట్టలేదు.

వెంటనే ఆవిణ్ణి కారెక్కించి హాస్పిటల్‌కి బయల్దేరాడు. మధ్యలో ఒకసారి కడుపు పట్టుకుని ముందుకి వంగారు. దామోదర్ ఎర్రలైటు దాటేశాడు.

హాస్పిటల్‌లో రేణుగారు వచ్చి ఆవిడ కనురెప్పలు విప్పి చూశారు, చిగుళ్ళు చూశారు. పొట్ట మీద నొక్కితే కోటమ్మగారు మూలిగారు. "ఈవిణ్ణి అప్పుడే ఎందుకు తీసుకురాలేదు?" అని రేణుగారు కోపంగా అతని చేతికి కాగితాలు ఇచ్చి నర్సు కోసం వెళ్ళారు.

కాగితంలో ఒక గడి ఉంది. ఎప్పటినుంచి ఎప్పటివరకు తిన్నారు అని. మొదటి తేదీ రాశాడు. రెండో దాని దగ్గర పెన్ను ఆగింది. శనివారం అని రాస్తే సరిపోతుంది. ఎవరడగొచ్చారు? నాలుగు రోజులే కదా తేడా. చేతులారా తనే పారేశానని శనివారం రాస్తే, ఈ మిగతాదంతా ఎవరికీ తెలీదు. పాత భయం తియ్యగా చెవిలో ఊదింది.

"బుధవారం" అని రాశాడు. రాసి, అత్తగారి వైపు తిరిగాడు.

"అత్తయ్యగారూ, నాకు శనివారమే తెలుసు. మీకు చెప్పలేదు. శనివారం చెప్పి ఉంటే ఆ నాలుగు రోజులూ మీరు తినేవారు కాదు."

కోటమ్మగారు అతని మొహంలోకి చూశారు. ఆవిడ కళ్ళలో కోపం ఉంటుందేమోనని వెతికాడు. లేదు. భయం ఉంది. పరాయి ఊళ్ళో, అర్థం కాని భాషలో, ఒంట్లోకి ఏం పోయిందో తెలియని భయం.

"తెలిస్తే తినేదాన్నా?" అన్నారు, మెల్లగా.

నర్సు వచ్చి రబ్బరు పట్టీ కట్టింది. పొడుగాటి సూది బయటికి తీసింది. ఆరేళ్ళుగా అల్లుడుగారూ, మీరు అంటూ, ఎదురుపడితే ఒక అడుగు పక్కకి తప్పుకునే ఆవిడ, ఖాళీగా ఉన్న చేత్తో అతని మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"నాకు భయంగా ఉంది నాయనా. ఇక్కడే ఉండు. వాళ్ళేం చెప్పినా నాకు దాచకుండా చెప్పు" అన్నారు.

"చెప్తాను" అన్నాడు దామోదర్. ఈసారి గోడ వైపు తిరగలేదు.